కొత్త ఏడాది, పాత బాకీ

జనవరి ఒకటో తేదీ దగ్గరపడిందంటే ఏటా ఒక తగాదా బయలుదేరుతుంది. ఇది మన పండుగ కాదు, తెల్లదొరలు నేర్పి పోయినది, మన కొత్త సంవత్సరం ఉగాదే అని కొందరు. లోకమంతా నడుస్తున్న లెక్కను మనం ఒక్కరం కాదంటే ఎట్లా అని మరికొందరు. 2017 డిసెంబరులో మన రాష్ట్ర దేవాదాయ శాఖ తరఫున, జనవరి ఒకటిన గుళ్లలో వేడుకలు చేయరాదని ఏకంగా సర్క్యులరే వెళ్లింది. గుంతకల్లు బజారులో మాత్రం డిసెంబరు 31 రాత్రి కేకులూ అమ్ముడుపోతాయి, ఉగాది ముందురోజు వేపపువ్వూ అమ్ముడుపోతుంది. అమ్మేవారికి ఈ తగాదాతో పని లేదు.

మేము ఈ తగాదాలో ఏ పక్షమూ కాదు. మా ప్రశ్న వేరు. కొత్త ఏడాది వచ్చిన నాడు ఎవరి లెక్కను ఎవరు చూస్తారు? పుస్తకం ఎవరి చేతిలో ఉంటుంది?

ఈ ప్రశ్న మాకు పుస్తకాలు చదివితే పుట్టలేదు. గుంతకల్లు జంక్షనులో పుట్టింది. ఉగాదికి ఒకటి రెండు రోజుల ముందు డోన్, నంద్యాల మీదుగా గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు దగ్గర నిలబడి చూడండి. గోనె మూటలు, వంట సామాన్లు, నిద్రమొహాల పిల్లలు, మిరపకాయ ఘాటుకు మండే చేతులు. వీళ్లంతా మిరపకోతకు పోయిన కూలి జనం. మా వైపు దీన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికి వచ్చే కాలం. అక్కడ సంక్రాంతిని సుగ్గి హబ్బ అని సంబరంగా చేసుకుంటారు. ఆ మాటే మా ఊళ్లలో తిరగబడింది. పరాయి పొలంలో పంట కోసేకి ఊరు విడిచిపోవడమే మాకు సుగ్గి. పంట ఉన్నవాడికి పండుగైన మాట పంట లేనివాడికి వలస అయింది.

ఒక ఉగాదికి ఆ రైలు దిగిన ఒక అవ్వను, "పండుగకు ఊరికి వచ్చినారా అవ్వా?" అని అడిగినాము. "పండుగ ఏం పండుగప్పా, మేస్త్రీ ఉగాదికి లెక్క చూస్తానన్యాడు, అందుకని వచ్చినాం" అనింది. ఏమన్నా మిగులుతుందా అంటే, "మిగిలేది ఏముంది? మళ్లా ఏటికి అడ్వాన్సు ఇస్తాడంట" అనింది. ఆ అవ్వ చెప్పిన రెండు ముక్కల్లో కొత్త సంవత్సరపు చరిత్ర సగం ఉన్నది. మిగిలిన సగం కోసం కొంచెం లోకం తిరిగి వద్దాము.

మొదట మన ఇంటి సంగతి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. చంద్రుని బట్టి వచ్చే లెక్క గనుక ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. ఇదే రోజున కన్నడిగులు యుగాది అంటారు, మరాఠీలు గుడి నాటి గుడీ పాడ్వా అంటారు. మన వలెనే కన్నడిగులకూ ఆ పూట వేప, బెల్లం నోట పెట్టుకోవడం ఆచారం. బళ్లారి మా పక్కనే గనుక మాకు ఓళిగలు ఇద్దరిలో ఎవరివో చెప్పలేము.

అయితే సేద్యం చేసేవాడు నిజంగా నడిచే లెక్క చంద్రునిది కాదు, సూర్యునిది. కార్తెలు 27. ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. మే నెలాఖరులో రోహిణి ఎండలు, జూన్ 7, 8 తేదీలకు మృగశిర, ఆ తరువాత ఆరుద్ర. ఇవి ఏటా అవే తేదీలకు వస్తాయి. ఈ కార్తెల వరుస అశ్వినితో మొదలయ్యేది ఏప్రిల్ 13, 14 తేదీలలో. సరిగ్గా ఆ రోజుల్లోనే తమిళులకు పుత్తాండు, మలయాళీలకు విషు, పంజాబు రైతులకు గోధుమ కోతల బైశాఖి, బెంగాలీలకు పొయిలా బొయిశాఖ్. అనగా ఉగాది నాడు మనం వేరు, వాళ్లు వేరు అనిపిస్తుంది గాని, మడక పట్టిన తరువాత తెలుగు రైతూ బెంగాలీ రైతూ ఒకే ఏటిని దున్నుతున్నారు.

మా గుంతకల్లులో ముస్లింల హిజ్రీ సంవత్సరం మొహరంతో మొదలవుతుంది. అది పూర్తిగా చంద్రమానం. మన ఏటికంటే దాదాపు పదకొండు రోజులు తక్కువ. అందుకని ఒకసారి వానల్లో, ఒకసారి చలిలో, ఒకసారి ఎండల్లో వస్తుంది. కొత్త సంవత్సరపు మొదటి నెలే అయినా అది సంబరాల నెల కాదు. అన్యాయంగా చంపబడిన వారిని తలచుకునే నెల. మా జిల్లాలో పీర్ల పండుగకు హిందువులు, ముస్లింలు కలిసి గుండం తొక్కుతారు. నార్పల దగ్గరి గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి ఏ కులం వారు రారు గనుక? ఏడాదిని చావు దుఃఖంతో మొదలుపెట్టవచ్చునని మాకు నేర్పినది ఆ పండుగే.

ఇక ఈ పండుగల వెనుక ఉన్న లెక్కల పుస్తకం సంగతి. హిజ్రీ ఏడు రుతువులతో పాటు నడవదు, పంట రుతువులతోనే నడుస్తుంది. పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చి పడితే రైతు ఎక్కడ నుంచి తెస్తాడు? మొగలాయిల కాలంలో ఈ చిక్కు తీర్చుకోవడానికి పంటను బట్టి నడిచే ఏడాది పెట్టుకున్నారు. దానినే ఫసలీ అన్నారు. ఫసల్ అంటే పంట. బెంగాలీ సంవత్సరం కూడా అక్బరు కాలపు శిస్తు వసూళ్ల అవసరం నుంచే పుట్టిందని చాలామంది చెప్పుతారు. ఆనాటి నుంచి బెంగాలు వర్తకులు పొయిలా బొయిశాఖ్ నాడు హాల్‌ఖాతా అని కొత్త చిట్టా తెరుస్తారు. పాత బాకీ కట్టిన ఖాతాదారుకు మిఠాయి పెడతారు. మిఠాయి తీపే, కాని బాకీ కట్టిన తరువాతనే!

ఆ ఫసలీ మన దగ్గరికీ వచ్చింది, ఇంకా పోలేదు. 1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన తరువాత, 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో దొర రైతువారీ శిస్తు పెట్టినాడు. మద్రాసు రాజధానిలో ఫసలీ ఏడాదిని జులై 1కి కట్టివేసినారు. నేటికీ అడంగలులో ఫసలీ అని కనిపించేది అదే. ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 2025 జులై 1న మొదలైనది 1435 ఫసలీ. ఇక సర్కారు ఖజానాకు ఏప్రిల్ 1 కొత్త ఏడాది. ఇది కూడా దేవుడు పెట్టినది కాదు. అంతకు ముందు మే 1న మొదలయ్యే లెక్కను 1867లో బ్రిటిషు ప్రభుత్వం తన దేశపు లెక్కకు పొందుపరచి ఏప్రిల్ 1కి మార్చింది. మార్వాడీ దుకాణంలో కొత్త ఖాతాకు పూజ దీపావళికి. ఇన్ని కొత్త సంవత్సరాలు ఉన్నాయి, ఒక్కటైనా కూలివాడు పెట్టినది ఉన్నదా?

పూర్వం ఇంగ్లండులో 1752 దాకా చట్టం ప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25. కౌళ్లు కట్టేదీ, మార్చేదీ ఆనాడే. ఆ దేశంలో ఏటా ఒక తేదీకి కూలీల సంత జరిగేది. ఏడాది జీతానికి కుదరాలనుకునేవారు పశువుల వలె వరుసగా నిలబడేవారు. గొర్రెల కాపరి టోపీకి ఉన్ని పోగు పెట్టుకునేవాడు, బండి తోలేవాడు చర్నాకోల తాడు పెట్టుకునేవాడు. చూసిన ఆసామి బేరమాడి తీసుకుపోయేవాడు. రష్యాలో 1497 నాటి చట్టం ప్రకారం రైతుకు భూస్వామిని విడిచిపోయే హక్కు ఏడాదికి రెండే వారాలు ఉండేది. నవంబరు చివర సెయింట్ జార్జి పండుగకు ముందొక వారం, తరువాత ఒక వారం. అదీ బాకీ తీర్చిన తరువాతనే. ఆ శతాబ్దం తరువాతి శతాబ్దం ముగిసేసరికి ఆ రెండు వారాలు కూడా లాగివేసినారు. అమెరికాలో బానిసలను ఏడాది బాడుగకు ఇచ్చేది జనవరి ఒకటిన. తల్లి ఒక తోటకు, బిడ్డ ఒక తోటకు. అందుకనే నల్లజాతివారు ఆ రోజుకు గుండెలు పగిలే రోజని పేరు పెట్టుకున్నారు.

ఇది పరదేశపు కథ అనుకోవద్దు. మా వైపు ఊళ్లలో జీతగాళ్ల ఏడాది ఉగాది నుంచి ఉగాదికే. పెద్దలు చెప్పగా మేము విన్నది ఇది. ఉగాది నాడు జీతగాడు ఆసామి వాకిట్లో నిలబడాలి. ఏడాదికి ఒప్పుకున్న జొన్నలు ఇన్ని, కంబళి ఒకటి, చెప్పుల జత ఒకటి. అందులో నుంచి నాగాలు పట్టేవారు. జ్వరమొచ్చి పడుకున్నది నాగా. అమ్మ చచ్చిపోతే పోయి వచ్చింది నాగా. పెండ్లికి తీసుకున్న అప్పు, దాని మీద వడ్డీ. అన్నీ పోను ఇంకా కొంత బాకీ తేలేది. ఆ బాకీయే వచ్చే ఏటి జీతానికి బయానా. 'నా నాయన ఉగాది పచ్చడి ఆసామి వాకిట్లోనే తిన్యాడు, నేనూ ఆడనే తింటి' అని ఒక పెద్దాయన చెప్పినాడు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. చట్టం జీతగాణ్ణి విడిపించింది, మంచిదే. కాని ఉగాది లెక్కను విడిపించలేదు. ఆసామి వాకిలి పోయి మేస్త్రీ సెల్లుఫోను వచ్చింది. బయానా పోయి అడ్వాన్సు వచ్చింది.

అప్పుల వాకిట్లో కొత్త సంవత్సరం అనగానే చైనావారి నాటకం ఒకటి గుర్తుకొస్తుంది. 1945లో యెనాన్‌లో ఆడిన 'తెల్లజుట్టు పిల్ల'. కొత్త సంవత్సరానికి ముందు రాత్రి భూస్వామి బాకీ కోసం పేదరైతు మీద పడతాడు. బాకీ కింద బిడ్డను రాయించుకుంటాడు. తండ్రి ప్రాణం తీసుకుంటాడు. ఆ దేశంలో పాతకాలం నుంచి ఏడాది దాటకముందే అప్పు తీర్చాలనే కట్టుబాటు ఉన్నది. అప్పులోళ్లు తలుపులు తట్టే రాత్రి అది. ఈనాడు అదే చైనాలో వసంత పండుగకు కోట్లమంది పట్నాల నుంచి పల్లెలకు రైళ్లెక్కుతారు. అయితే ఇప్పుడు తలుపు తట్టేవాడు మారినాడు. మా కూలి బాకీ తేల్చనిది ఊరికి పోమని కట్టడ పనివాళ్లు కంట్రాక్టరు తలుపు తడుతున్నారు. ఏటా పండుగ ముందర ఆ దేశంలో కూలి బకాయిల గొడవలు ఎక్కువవుతాయి. పండుగ రోజు లెక్క అడిగే హక్కు చేతులు మారుతున్నదనడానికి ఇదొక గుర్తు.

ఇంకా గట్టి గుర్తు హైతీ అనే చిన్న దేశంలో ఉన్నది. చెరకు తోటల్లో బానిసలుగా ఉన్న నల్లవారు ఫ్రెంచి దొరలను ఓడించి 1804 జనవరి ఒకటిన స్వతంత్రం ప్రకటించుకున్నారు. వారికి కొత్త సంవత్సరమూ, విముక్తి దినమూ ఒక్కటే. ఆ రోజు ప్రతి ఇంట్లో గుమ్మడికాయ పులుసు కాచుకుంటారు. ఎందుకంటే బానిసలుగా ఉన్నప్పుడు అది వండింది వారే, తాగింది దొరలు. ఎవరికి దక్కనిచ్చేవారు కారో వారు ఆ రోజు కడుపునిండా తాగుతారు, పక్కింటికి పంచుతారు. గుండెలు పగిలే రోజు కూడా జనవరి ఒకటే, గుమ్మడి పులుసు రోజు కూడా జనవరి ఒకటే. తేదీలో ఏమీ లేదు. ఆ తేదీని పట్టుకున్నవాడు ఎవడనే దాంట్లో ఉన్నది అంతా.

మన తెలుగు కూలీలు కూడా తేదీని పట్టుకుని పోయినవారే. వంద ఏండ్లకు పైబడిన మాట, ఒప్పంద కూలీలుగా మారిషస్ చెరకు తోటలకు ఓడలెక్కి పోయినారు. కోరంగి రేవు నుంచి వచ్చినవారని వాళ్లకు కోరంగీలని పేరు పడింది. వారి వెంట ఆస్తి ఏమి పోయింది? రాముని భజనలు, ఉగాది పోయినాయి. ఈనాడు ఆ దేశంలో ఉగాది సర్కారు సెలవు దినం. కూలివాడు మోసుకుపోయిన పండుగకు రాజ్యం తలుపు తీసింది.

కాబట్టి ఉగాదిని వదులుకోమని మేము చెప్పడం లేదు. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేండ్ల కిందట ఒక పల్లెలో ఉగాది సాయంత్రం మేము సభ పెట్టినాము. పంచాంగం వట్టి మోసం, గ్రహాలు వాన కురిపించవు అని గంటసేపు ఉపన్యాసం చెప్పినాము. జనం మర్యాదగా విన్నారు. అయిపోగానే లేచి గుడి దగ్గర పంచాంగ శ్రవణానికి పోయినారు. మాకు కోపం వచ్చింది. ఒక తాతను పట్టుకుని, ఇంత చెప్పినా పోతివే అంటే, ఆయన నింపాదిగా అన్నాడు: "అయ్యవారు నా రాశి పేరు పెట్టి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చెప్తాడు నాయనా. నిజమో అబద్ధమో, నా లెక్క ఒకటి సదివేవాడు ఆయనొక్కడే. మీరు నా లెక్క ఏం సదివినారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఈనాటికీ మాకు గుచ్చుకుంటూనే ఉన్నది.

పంచాంగం ఏటా ఇన్ని తూముల వాన అని చెప్పుతుంది. మా జిల్లాలో సగటున ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడితే. వాన లేనప్పుడు నల్లరేగడిలో శనగ, పత్తి ఏమవుతాయో కూలి జనానికి చెప్పనక్కరలేదు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతారు. దొరికేది నూటికో కోటికో ఒకరికి. అయినా వెతుకుతారు. ఆశకు లెక్క పుస్తకం ఉండదు. కూలికి మాత్రం ఉండాలి.

సర్కారు లెక్క కూడా చూడండి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం ఇంటికి ఏడాదికి వంద రోజుల పని అన్నది. ఏడాది అంటే ఏది? ఉగాది కాదు, మృగశిర కాదు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. వాడుకోని రోజులు మార్చి 31 రాత్రితో చెల్లిపోతాయి, మరుసటి ఏటికి రావు. ఆ మార్చిలో మా జనం ఎక్కడ? గుంటూరు చేలల్లో మిరపకాయలు కోస్తుంటారు. హక్కు చచ్చిపోయే రాత్రి హక్కుదారు ఊళ్లో లేడు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు మరొకటి చేసింది. 125 రోజులు అన్నది. విత్తే, కోసే కాలాల్లో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపవచ్చునని కూడా అన్నది. ఆ కాలమేదో నిర్ణయించేది సర్కారు. ఏడాది మాత్రం అదే ఖజానా ఏడాది. రోజులు పెంచినామని చెప్పేవారు క్యాలెండరు ఎవరిదో చెప్పడం లేదు.

తమిళనాడులో 2008లో ఒక ప్రభుత్వం కొత్త సంవత్సరాన్ని తై నెలకు, అనగా పొంగలి రోజుకు మార్చింది. 2011లో ఇంకొక ప్రభుత్వం మళ్లా చిత్తిరైకి మార్చింది. దేశంలో ముప్ఫై రకాల పంచాంగాలున్నాయని లెక్క తీసి, శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘం చెప్పినట్లు 1957 మార్చి 22 నుంచి జాతీయ శక సంవత్సరం పెట్టినారు. అది నేడు సర్కారు గెజెట్ల మీద, ఆకాశవాణి నోట తప్ప ఇంట్లో వినిపించదు. పై నుంచి మార్చిన తేదీలకు ప్రాణం ఉండదు. అందువలన మేము తేదీ మార్చమని అడగడం లేదు. ఉన్న తేదీనాడు చదివే పుస్తకాన్ని మార్చమని అడుగుతున్నాము.

మా మనవి ఇది. ఉగాది సాయంత్రం గుడి దగ్గర అయ్యవారు పంచాంగం చదవనీ. అది ముగిసిన తరువాత అదే రచ్చకట్ట మీద కూలి పంచాంగం ఒకటి చదవాలి. దానికీ ఆ నాలుగు మాటలే చాలు. ఆదాయం: ఈ ఏడు ఊళ్లో ఏ ఇంటికి ఎన్ని పనిదినాలు దొరికినాయి, ఎంత కూలి చేతికి వచ్చింది, ఎంత రావాలి. వ్యయం: మేస్త్రీ అడ్వాన్సు ఎంత, దాని వడ్డీ ఎంత, సుగ్గికి దారిఖర్చు ఎంత. రాజపూజ్యం: ఆఫీసుకు ఎన్ని అర్జీలు పోయినాయి, ఎన్నిటికి జవాబు వచ్చింది. అవమానం: ఎవరి కూలి ఎగ్గొట్టినారు, ఏ పిల్ల బడి మానింది, ఎవరు పరాయి ఊరిలో పడి దెబ్బ తగిలించుకుని వచ్చినారు. పేరు పెట్టి చదవాలి. చదివేది సంఘం మనిషే కానక్కరలేదు. ఊళ్లో పదో తరగతి చదివిన పిల్ల చదివితే ఇంకా మేలు. వాళ్లమ్మ లెక్క వాళ్లమ్మకు వినిపిస్తుంది.

ఇది చేస్తే అప్పులు పోతాయా అని అడుగుతారు. ఒక్క సాయంత్రంతో పోవు. కాని నలుగురిలో చదివిన లెక్కను మేస్త్రీ ఒక్కడు చీకట్లో మార్చలేడు. ఏటా చదివితే ఊరు జ్ఞాపకం పెట్టుకుంటుంది. పోయిన ఏడు ఇంత, ఈ ఏడు ఇంత అని జనమే అడుగుతారు. బేరమాడే బలం అక్కడ పుడుతుంది. సుగ్గికి పోయేవారు పది ఇండ్లవారు కలిసి ఒక మాట మీద నిలబడితే, కూలి రేటు బండి ఎక్కకముందే తేలుతుంది, తిరిగి వచ్చిన తరువాత కాదు.

2026 మార్చి 19 నాటి ఉగాదికి పేరు పరాభవ. అరవై ఏండ్లకొకసారి తిరిగి వచ్చే పేరు అది. 1966లోనూ ఇదే పేరు. ఆనాడు ఆసామి వాకిట్లో పచ్చడి తిన్న జీతగాడి మనుమడు ఈనాడు గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద మూట మీద కూర్చుని ఉన్నాడు. పరాభవం ఎవరికన్నది గ్రహాలు రాసిపెట్టలేదు. లెక్క పుస్తకం పట్టుకున్నవాడు రాస్తాడు.

ఆ రైలు దిగిన అవ్వ మళ్లీ వచ్చే ఉగాదికి దిగుతుంది. ఆ సాయంత్రం మేస్త్రీ ఇంటికి పోకముందు ఆమె రచ్చకట్ట దగ్గరికి రావాలి. ఆమె పేరు చదివేవారు ఎవరో ఒకరు అక్కడ ఉండాలి. పుస్తకం కొనండి, ఈరోజే గీతలు కొట్టండి.